అమ్మ కువైట్‌లో ఉన్న రోజులు

కుటుంబ జీవితమును గూర్చి ఏదైనా వ్రాయమని సంపాదకులవారు మమ్మల్ని అడిగి చాలా నెలలయింది. ప్రసంగములు వ్రాసుకోవడం మాకు అలవాటే గాని సొంత ఇంటి సంగతి కాగితం మీద పెట్టడం ఇదే మొదలు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక మా గోడమీది ఫోటో దగ్గర ఎత్తుకుంటున్నాము.

ఆ ఫోటోలో మా అమ్మ సముద్రపు ఒడ్డున నిలబడి ఉంటుంది. వెనుక కువైట్ టవర్లు. ఒక దానికి రెండు పెద్ద గుండ్రటి బుడ్లు, ఇంకొక దానికి ఒకటి, మూడవది సూదిలా ఉత్తదే. 1979లో తెరిచిన కట్టడాలవి. పెద్దది 187 మీటర్ల ఎత్తు. ఇంతా చేసి ఆ బుడ్లలో నిలవ చేసేది నీళ్ళే, మన ఊరి వాటర్ ట్యాంకులోలాగే. అమ్మ గులాబీరంగు నైలెక్సు చీర కట్టుకుని, కళ్ళకు నల్ల కళ్ళజోడు పెట్టుకుని, కొంచెం నవ్వుతూ ఉంటుంది. ఆ నవ్వును మేము ఇరవై యేళ్ళకు పైగా క్షమించలేకపోయాము. అదే ఇప్పుడు చెప్పబోయే సంగతి.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. 1985లో వానకు తడిసిన చెట్టు మీదనుంచి జారిపడి తుంటి విరిగింది. మంచం దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది. దిగినా మళ్ళీ చెట్టెక్కలేదు. వైద్యానికి చేసిన అప్పు, దానిమీద వడ్డీ, ముగ్గురు పిల్లలం. అమ్మకు వచ్చిన పనులు రెండు. ఒకటి కోతలు, ఊడ్పులు. రెండోది లేసు అల్లిక. నరసాపురం ప్రాంతంలో ఆడవాళ్ళకు లేసు అల్లడం ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. పంతొమ్మిదవ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన పని అది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు ఎంత వచ్చినా, ఆ రోజుల్లో రోజంతా కళ్ళు కాయలు కాచేలా అల్లితే పడే కూలీ ఉప్పుకు చాలితే పప్పుకు చాలేది కాదు. 1986లో ఒక ఏజెంటుకు ఉన్న కాస్త బంగారం అమ్మి కట్టి, అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. అప్పటికి మాకు ఆరేళ్ళు. ఆఖరివాడైన తమ్ముడికి మూడు.

బొంబాయి బస్సు ఎక్కేముందు అమ్మ మాకు ఏమి చెప్పిందో గుర్తులేదు. బస్సు కిటికీలోంచి ఇచ్చిన బిస్కెట్ పొట్లం మాత్రం గుర్తుంది.

తరువాత మూడు నాలుగు నెలలకొకసారి ఎవరో ఒకరు సెలవు మీద వచ్చేవారు. వారి సంచిలో మాకొక మూట ఉండేది. నిడో పాలపొడి డబ్బా, ట్యాంగ్ సీసా, టైగర్ బామ్, ఖర్జూరం, ఒక క్యాసెట్. ఉత్తరం వ్రాయడం అమ్మకు రాదు. అందుచేత టేపురికార్డరులో మాట్లాడి పంపేది. మా ఇంట టేపురికార్డరు లేదు. మునసబుగారి ఇంటి అరుగు మీద కూర్చుని వినేవాళ్ళము. అమ్మ గొంతు వీధి అంతటికీ వినబడేది. అప్పు ఎంత తీరింది, ఎవరికి ఎంత ఇవ్వాలి, నాయనమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, చిన్నోడికి తలంటు పోస్తున్నారా లేదా అనేవన్నీ పదిమంది ముందు వినవలసి వచ్చేది. ఒకసారి అమ్మ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయింది. టేపు మాత్రం చాలాసేపు తిరిగింది. మునసబుగారి భార్య, "బ్యాటరీ అయిపోయినట్టుందండీ," అన్నారు. అది బ్యాటరీ కాదని అందరికీ తెలుసు. అయినా ఆవిడ అలా అనడం మంచిపనే.

ఊరు రెండు రకాలుగా మాట్లాడేది. డ్రాఫ్టు వచ్చినరోజు, "ఆడదైనా మగాడిలా నిలబెట్టింది," అనేవారు. మిగిలిన రోజుల్లో అనేవి వేరు. అవి ఇక్కడ వ్రాయము. కువైట్‌కు ఆడవారిని పంపుకున్న ప్రతి ఇంటివారూ ఆ మాటలు విన్నవారే.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించింది. రేడియోలో వార్త విన్నాక రెండు నెలలు మాకు ఏ కబురూ లేదు. అమ్మా, ఇంకా వేలమందీ బస్సుల మీద బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దేశపు సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాలలో పడి ఉండి, అమ్మాన్ నుంచి విమానమెక్కారు. ఎయిరిండియావారు ఆ రెండు నెలల్లో 488 విమానాలు నడిపి లక్షమందికి పైగా తెచ్చారని తరువాత చదివాము. అమ్మ ఒక చేతిసంచితో నరసాపురం పాసింజరు దిగింది. సంచిలో ఒక చీర, బైబిలు, లేసు సూది. నాలుగేళ్ళ సామాను అక్కడే పోయింది.

ఇక్కడ ఒక చిన్న నవ్వు సంగతి చెప్పాలి. అమ్మ నోట అరబ్బీ మాటలు వచ్చేసేవి. లేదు అనడానికి "మాఫీ" అనేది. "పంచదార మాఫీ", "కిరసనాయిలు మాఫీ". ఆ యేడే ప్రభుత్వంవారు రైతులకు రుణమాఫీ ఇచ్చారు. మా తమ్ముడు బడికి వెళ్ళి, మా ఇంట్లో పంచదార కూడా మాఫీ అయిందని చెప్పి వచ్చాడు. నాన్న నవ్వడం చాలా కాలానికి ఆరోజు చూశాము.

యుద్ధం ముగిసి, కాలే నూనెబావులన్నీ ఆర్పాక, 1992లో అమ్మ మళ్ళీ వెళ్ళింది. ఈసారి మాకు పన్నెండేళ్ళు. వెళ్ళవద్దని ఏడవలేదు, మాట్లాడడం మానేశాము. ఆ మరుసటి యేడు వచ్చింది, పైన చెప్పిన ఫోటో. ఇక్కడ నాయనమ్మ పోయి పదిహేను రోజులయింది. అక్కడ అమ్మ నల్ల కళ్ళజోడు పెట్టుకుని సముద్రపు గాలికి నిలబడి నవ్వుతూ ఉంది. "మేము లేకుండా హాయిగానే ఉంది," అనుకున్నాము. 1998లో అమ్మ వచ్చేసింది. అప్పు తీరింది, డాబా పడింది, చెల్లెలి పెండ్లి అయింది, మా వేదాంత విద్యకు ఫీజు ఆ డబ్బే. ఆ డబ్బుతోనే డిప్లొమా పుచ్చుకుని, ఆ డబ్బు తెచ్చిన మనిషితో ముభావంగా ఉండిపోయాము.

అమ్మ అక్కడినుంచి తెచ్చినవాటిలో ఒక లేసు గుడ్డ ఉండేది. నాలుగు గజాల పొడవు, అంచున ద్రాక్షతీగె. అది మా సంఘములో బల్లమీద పరిచేవాళ్ళము.

2012లో స్త్రీల సమాజపు కూడికలో మేము మాట్లాడుతూ, దినారుల కోసం కడుపున పుట్టినవారిని వదలి వెళ్ళే తల్లుల గురించి గట్టిగా చెప్పాము. ఆ నెలలో మా సంఘంనుంచి ముగ్గురు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నారు. ఆపాలన్నది మా ఉద్దేశ్యము. కాని మాట కోపంగా వచ్చింది. ఆఖరి వరుసలో ఒక సహోదరి ఉన్నది. భర్త తాగుబోతు, పదేళ్ళ కొడుకు. కొడుకును పక్కనే కూర్చోబెట్టుకుంది. తల వంచుకుని కూర్చుని, ప్రార్థన అయ్యాక ఎవరితో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండు నెలలకు కువైట్ కూడా వెళ్ళిపోయింది. మొదటి వరుసలో మా అమ్మ ఉన్నది. అమ్మ ఏమీ అనలేదు. ఉతికి తెస్తానని బల్లమీది గుడ్డ పట్టుకెళ్ళింది. అది మళ్ళీ తిరిగి రాలేదు. మేమూ అడగలేదు. సంఘములో వేరే గుడ్డ కొన్నారు.

2019 ఫిబ్రవరిలో మా మరదలు, ఆమె భర్త మమ్మల్నిద్దరినీ ఒక నెల సందర్శన వీసా మీద కువైట్‌కు పిలిపించారు. మా తోడల్లుడు అక్కడ ఒక కంపెనీలో ఫోర్‌మన్. విమానం దిగగానే మాకు తోచినది, ఇదేమిటి చలి అని. కువైట్ అంటే కొలిమి అనుకున్నాము. ఎండాకాలంలో కొలిమే మరి. 2016 జూలైలో అక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. ఫిబ్రవరిలో మాత్రం మన సంక్రాంతి వేకువలా ఉంటుంది.

అక్కడ వారం ముగిసేది శుక్రవారం. ఆదివారం అందరూ పనికి వెళ్ళిపోతారు. అందుచేత మన ఆదివారపు ఆరాధన అక్కడ శుక్రవారమే. కువైట్ నగరంలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలోకి శుక్రవారం ఉదయం అడుగుపెడితే తిరునాళ్ళలో తప్పిపోయినట్టు ఉంటుంది. ఒక గదిలో మలయాళం, ఒక గదిలో అరబ్బీ, పైన ఫిలిప్పీనువారు, ఇవతల తమిళులు, ఆ మూల మన తెలుగువారు. గదులు గంటల లెక్కన పంచుకుంటారు. మన ప్రసంగం పది నిముషాలు ఎక్కువైతే తలుపు దగ్గర తరువాతి సంఘంవారు చెప్పులు విడిచి నిలబడి ఉంటారు. ఊళ్ళో గంటన్నర చెప్పే మేము అక్కడ ముప్పై నిముషాల్లో ముగించాము. ఇది మా సంఘస్థులకు తెలియనివ్వవద్దని మనవి.

ఆ ఆవరణను మొదట ఏర్పరచినది అమెరికావారు. 1914లోనే అక్కడ మిషను ఆస్పత్రి కట్టారు. అంతకు రెండేళ్ళ ముందు, 1912లో, ఎలినోర్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ భర్తతో కలిసి వచ్చి ఆ ఊరి ఆడవారికి వైద్యం చేసింది. కువైట్‌లో మొదటి స్త్రీ వైద్యురాలు ఆవిడే. అప్పటికి నూనె పడలేదు. ముత్యాల కోసం సముద్రంలో మునిగేవారి ఊరు అది. అమెరికానుంచి వచ్చి ఆ మట్టి ఇళ్ళ మధ్య కాపురం పెట్టి, ముగ్గురు ఆడపిల్లలను పెంచింది. ఆ ఆస్పత్రి 1967లో మూసివేశారు. ఆ కట్టడంలో ఇప్పుడు సాంస్కృతిక కేంద్రము ఉన్నది. అక్కడ తిరుగుతూ ఉంటే, పరాయి దేశంలో బ్రతికేవారి సంగతి ఏ దేశంవారికైనా ఒకటే కదా అనిపించింది. తిండి, మాట, దాహం, ఇంటినుంచి ఉత్తరం. ఆవిడ దొరసాని, మా అమ్మ పనిమనిషి, తేడా అంతా అక్కడే ఉంది. దొరసానికి అతిథి మర్యాద, పనిమనిషికి అకామా.

అకామా అంటే ఉండడానికి అనుమతి కాగితం. అది యజమాని చేతిలో ఉంటుంది. ఇంటిపని చేసేవారిని అక్కడ కద్దామా అంటారు. వారికోసం 2015లో కువైట్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, యేటా నెలరోజుల జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినారులు అన్నారు. మేము వెళ్ళినప్పుడు దినారుకు మన డబ్బులో 230 రూపాయల పైచిలుకు. చట్టం మంచిదే. ఆ తెలుగు ఆరాధనలో మేము అడిగిచూస్తే, ప్రతి శుక్రవారం రాగలిగే ఆడవారు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది. నెలకు ఒకసారి వచ్చేవారు కొందరు. రంజాన్ ముందు వచ్చి, మళ్ళీ రంజాన్ అయ్యాకగాని రాలేనివారు కొందరు. మగవారి బ్రతుకూ అంత తేలిక కాదు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే మేడ అంటుకుని 45 మంది మనదేశస్థులు పోయారు, వారిలో ఆంధ్రావారూ ఉన్నారు.

మరి వారి సరదాలు ఏమిటని చదువరులు అడగవచ్చు. మేమూ అడిగాము. ఫిబ్రవరి 25, 26 తేదీలు అక్కడ జాతీయ దినము, విమోచన దినము. మేము వెళ్ళినప్పుడు పిల్లలు సముద్రపు రోడ్డు పొడుగునా నిలబడి, పోయే కారు మీదల్లా నీళ్ళు చల్లారు, నురగ కొట్టారు. మన హోలీ అనుకోండి, రంగులు ఉండవు. మా తెల్ల చొక్కా తడిసి ముద్దయింది. చలికాలంలో అరబ్బులు ఎడారిలో గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటారు. వారికి అది సరదా, వెంట వెళ్ళిన కద్దామాలకు మాత్రం ఇసుకలో వంట. "అబ్రాహాముగారి గుడారాలు అంటే బైబిల్లో బాగుంటాయండి, గిన్నెలు తోమేవాళ్ళకి తెలుస్తుంది," అన్నది ఒక సహోదరి. రంజాన్ నెలలో ఇంటివారంతా ఈజిప్టు సీరియళ్ళు చూస్తారట. మావాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి చూసి, మాట తెలియకుండానే కథ మొత్తం చెప్పేస్తారు, అత్త ఎక్కడైనా అత్తే కదా. సెలవు దొరికినరోజు ముందుగా చేసేది డబ్బు పంపడం, తరువాత చేపల బజారు. అక్కడి జుబైదీ అంటే మన చందువ చేపే. చింతపండు, గోంగూర కూడా దొరుకుతాయి. పులస మాత్రం మాఫీ.

పాలకొల్లు అవతలి ఊరి పెద్దావిడ ఒకామె అక్కడ ముప్పై రెండేళ్ళుగా ఉన్నది. ఒకే ఇంట్లో ముగ్గురు తరాల పిల్లలను ఎత్తింది. మేము ఫలానా ఆవిడ కొడుకుమని తెలిసి చేతులు పట్టుకుంది. మా ఫోనులో అమ్మ ఫోటో చూపించాము. ఒక్కసారి కళ్ళజోడు మీద వేలు పెట్టి, "ఇది నాదేనండి అయ్యగారూ," అన్నది.

ఆరోజు ఐదుగురు కలిసి వెళ్ళారట. వేరువేరు ఇళ్ళలో పనిచేసేవారు. అందరికీ ఒకే శుక్రవారం సెలవు కుదరడానికి ఏడు నెలలు పట్టింది. దొరికినది రెండు గంటలు. ఫోటో తీసేవాడు మనిషికింత అని అడిగితే డబ్బులు పోగుచేసి ఇచ్చారు. కళ్ళజోడు ఒకటే. ఒకరి తరువాత ఒకరు పెట్టుకుని తీయించుకున్నారు. గులాబీ చీర కూడా మా అమ్మది కాదు. "మీ అమ్మగారు వద్దంటే వద్దన్నారండి. అత్తగారు పోయారని ఆ పొద్దున్నే కబురు తెలిసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. పిల్లలు చూస్తే బెంగెట్టుకుంటారు, కళ్ళజోడు పెట్టుకో వదినా, నవ్వు అని మేమే నిలబెట్టాం."

మేము ఏమీ అనలేక ఊరుకున్నాము. మా శ్రీమతి ఆమెకు మంచినీళ్ళు ఇచ్చింది. నిజానికి నీళ్ళు కావలసినది మాకు.

లేసు గుడ్డ సంగతి కూడా ఆమే చెప్పింది. రాత్రి పదకొండుకు పని అయ్యాక వంటింటి పక్క గదిలో, యజమానురాలు దీపం ఆర్పమనేవరకు అల్లేదట. దారం మన ఊరినుంచి వచ్చేవారితో తెప్పించుకునేది. అదే ఆమె సినిమా, అదే షికారు. యజమానురాలు చూసి ముచ్చటపడి తనకిమ్మంటే, ఆమెకు వేరొకటి అల్లి ఇచ్చి, ఇది మాత్రం ఇవ్వలేదు. "మా చర్చిదండి," అని ఎంత ధర చెప్పినా ఇవ్వలేదట.

రెండవ శుక్రవారం ఆరాధనలో ఆఖరి వరుసలో మా సంఘపు సహోదరిని చూశాము. అక్కడా ఆఖరి వరుసే. ఆరాధన అయ్యాక మేమే వెళ్ళి పలకరించాము. మర్యాదగానే మాట్లాడింది. ఉండేది మేడ పైన నీళ్ళ ట్యాంకుల పక్క గదిలో. ఫోనులో ఫోటో చూపించింది. మంచం, గోడకు అద్దం, కిటికీలో ఒక డబ్బాలో కొత్తిమీర మొలకలు. జీతం నెలనెలా ఇస్తున్నారు, కొట్టరు, అంతవరకు అదృష్టమే అన్నది. ఏడేళ్ళలో రెండుసార్లు ఊరికి వచ్చింది. రెండుసార్లూ మా గుడికి రాలేదు, అది మేము గమనించనే లేదు. మేము క్షమాపణ చెప్పబోతే ఆపింది.

"మీరు నన్నన్నారని కాదండి అయ్యగారూ. ఆ రోజు మా వాడు నా పక్కనే ఉన్నాడు. ఆ మాట వాడికి అతుక్కుపోయింది. ఇప్పటికీ ఫోను చేస్తే అదే అంటాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం కూడా మానేశాడు."

దానికి జవాబు మా దగ్గర లేదు. ఊరికి వెళ్ళగానే వాడిని చూస్తామని మాత్రం అన్నాము. సరేనండి అన్నది. నమ్మినట్టు అనిపించలేదు.

ఊరికి వచ్చినరోజు రాత్రి అన్నం తింటూ అమ్మతో కళ్ళజోడు సంగతి చెప్పాము. అమ్మ చాలాసేపు మజ్జిగ కలుపుతూ కూర్చుంది. "అది చెప్పేసిందా," అన్నది, అంతే. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వడిగావా నాయనా?" అన్నది. కోపంగా కాదు. అడగలేదన్నది నిజమే. గుడ్డ ఎక్కడుందని అప్పుడు అడిగాము. ట్రంకు పెట్టెలోంచి తీసింది. కలరా ఉండల వాసన. మడత దగ్గర ఎలుక కొట్టి జానెడు మేర పోయింది. ద్రాక్షతీగె సగంలో తెగింది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చిరుగు అటూ ఇటూ తిప్పి చూసింది. బాగవుతుందా అన్నాము. "అవుద్ది. దారమే మాఫీ," అన్నది. మర్నాడు మా శ్రీమతి నరసాపురం వెళ్ళి దారపు ఉండలు తెచ్చింది. అతుకు వేసినచోటు ఇప్పటికీ తెలుస్తుంది, కొత్త దారం తెల్లగా, పాతది పసుపుగా.

ఆ సహోదరి కొడుకు దగ్గరకు వెళ్ళడానికి మాకు ఇంకో రెండు వారాలు పట్టింది. పనులున్నాయని చెప్పుకున్నాము గాని అసలు భయమే. వాడికి అప్పటికి పదిహేడేళ్ళు, ఇంటర్ చదువుతున్నాడు. రాత్రి భోజనాలయ్యాక వెళ్ళాము. అమ్మమ్మ కుర్చీ వేసింది. వాడు గడప దగ్గర నిలబడ్డాడు, కూర్చోలేదు. ఆ రోజు కూడికలో మేము అన్నది తప్పని, మా అమ్మ కూడా అలాగే వెళ్ళిందని, ఆ డబ్బుతోనే చదువుకున్నామని చెప్పాము. వాడు నేల చూస్తూ విన్నాడు. మేము లేచాము. చెప్పులు వేసుకుంటూ ఉండగా అడిగాడు.

"అమ్మ ఏ గదిలో పడుకుంటుందండి?"

మేము చెప్పులు విడిచి మళ్ళీ కూర్చున్నాము. మేడ పైన ట్యాంకుల పక్క గది అని, మంచం ఇటు ఉంటుందని, అద్దం అటు ఉంటుందని, కిటికీలో కొత్తిమీర పెంచుతోందని చెప్పాము. కిటికీలోంచి ఏమి కనబడుతుంది అన్నాడు. అది మాకు తెలియదు, అమ్మనే అడగాలి అన్నాము. కాసేపు ఊరుకుని, ఇప్పుడు అక్కడ ఎంతయి ఉంటుందండి అన్నాడు. గడియారం చూశాము. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ ఆరున్నర అని చెప్పాము.

వాడు ఫోను తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్ళాడు.